బోనస్‌ని ఎలకలు తిన్నాయా?

మందుల పంపిణీ సంస్థలో ముప్పై ఏళ్లుగా లెక్కలు రాస్తున్న ఆయనను అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆ ఏడాది సంస్థను కొన్న కొత్త యజమాని, గడువు దగ్గరపడిన మందుల విలువను ముందే తగ్గించి రాయించాడు. దాంతో పాత పద్ధతిలో లాభమున్న ఏడాది కొత్త పద్ధతిలో నష్టంగా తేలి, పనివాళ్ల బోనస్ ఆగిపోయింది.

పెట్టెలు కట్టే ఆవిడ బాబాయ్ గది గుమ్మంలో నిలబడింది.

"బాబాయ్, గోడౌన్ అదే, మందులూ అవే. మరి మా బోనస్‌ని ఎలకలు తిన్నాయా?"

ఆయన ఆవిడ వైపు కుర్చీ జరిపి, పాత పద్ధతిలో, కొత్త పద్ధతిలో రాసిన రెండు లెక్కల పుస్తకాలూ, పాత బోనస్ ఒప్పందమూ పట్టుకుని యజమాని గదిలోకి వెళ్లాడు.

"వీటిలో ఏది నిజమండీ?" అన్నాడు యజమాని.

"రెండూ నిజమేనండి. వాళ్లకు మాటిచ్చింది మాత్రం పాత లెక్క మీద."

యజమాని ఒప్పందం రెండుసార్లు చదివి, బోనస్ కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆయన తిరిగొచ్చేసరికి ఆవిడ ఇంకా కుర్చీ అంచునే కూర్చుని ఉంది.

"దేవుడి దయ, ఎలకలు ముట్టలేదమ్మా," అన్నాడు బాబాయ్.