మా అన్న షెడ్డు ముందు ముగ్గుపిండి

నిన్న పొద్దున వాకిలి ఊడుస్తూ చూస్తే పక్కింటి కారు కింద ఆకుపచ్చ నీళ్లు చిన్న మడుగులా నిలిచి ఉన్నాయి. నా చీపురు అక్కడే ఆగిపోయింది. అది రేడియేటర్ నీళ్లని నాకు వెంటనే తెలిసింది. మోకాళ్లు సహకరించకపోయినా వంగి, ఏ పక్క నుంచి కారుతున్నదో చూడబోయాను. కారు గల అబ్బాయి కంగారుపడి, మీరు ముట్టుకోకండి ఆంటీ, కంపెనీ వాళ్లే వచ్చి తీసుకుపోతారని చెప్పి ఫోన్ తీశాడు. అరుగు మీద పేపర్ చదువుతున్న మా ఆయన మాత్రం నన్ను చూసి తనలో తాను నవ్వుకున్నాడు. ఆ నవ్వు ఎందుకో తెలిసినవాళ్లు ఈ కరీంనగర్‌లో ఇప్పుడు ఎవరూ లేరు.

మేము మెట్‌పల్లిలో కాపురమున్న రోజుల్లో మాకొక పాత డీజిల్ జీపు ఉండేది. పుస్తెలతాడు తప్ప నా ఒంటి మీది బంగారమంతా ఆ జీపులోకే పోయింది. మా ఆయన రోజూ ఖానాపూర్ దాకా మనుషులను తిప్పేవాడు, మంగళవారం మాత్రం కొండగట్టుకు. అంజన్న దర్శనానికి ఆడవాళ్లు ఎక్కువగా వచ్చేవారు కనుక వాళ్లకు తోడుగా ఉంటుందని నేనూ ముందు సీట్లో కూర్చుని వెళ్లేదాన్ని. ఒళ్లో ప్రసాదం సంచి, కాళ్ల దగ్గర నీళ్ల డబ్బా, అది నా స్థలం. మా జీపులాంటి పాత బండ్లకు ఆ డబ్బా లేకుండా బయలుదేరే ధైర్యం ఆనాడు ఎవరికీ లేదు.

ఒక ఎండాకాలం ఆ జీపు నీళ్లు తాగడం మొదలుపెట్టింది. పొద్దున నిండా పోస్తే మధ్యాహ్నానికి సగం కూడా ఉండేది కాదు, కింద చూస్తే చుక్క తడి లేదు. ఒక మంగళవారం కొండ మీదికి ఎక్కే మలుపులో ఇంజన్ మరిగి ఆవిరి పొంగింది. చంటిపిల్లలతో వచ్చిన తల్లులు ఎండలో దిగి నడవవలసి వచ్చింది. వాళ్లలో ఒకావిడ నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు చాలాకాలం నన్ను వదలలేదు.

మెట్‌పల్లిలో జీపుల అడ్డా పక్కనే మా అన్నకు మరమ్మతు షెడ్డు ఉండేది. తోడబుట్టినవాడు, పని తెలిసినవాడు, ఇంకెక్కడికి పోతాం? రెండు రోజులు బండిని తన దగ్గరే ఉంచుకుని, చివరికి మా ఆయన భుజం మీద చెయ్యేసి, ఇంట్లో ఎవరో పోయినట్టు మెల్లగా చెప్పాడు.

"ఇంజన్ మీది హెడ్డు పగిలింది బావా. నీళ్లన్ని నూనెల కలుస్తున్నయి. ఇగ దీని మీద పెట్టుడు దండుగ. నాకిచ్చెయ్, విడి సామాన్లకైన పనికొస్తది. నువ్వు మస్కట్ పో, ఏజెంట్‌తోని నేను మాట్లాడిన."

మా ఆయన మెత్తని మనిషి. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కలపకుండానే లేచాడు. మా వాడకట్టులో అప్పటికే ఇంటికొకరు ఎడారి దేశాల్లో ఉన్నారు. వాళ్ల భార్యలు క్యాసెట్లలో మాటలు నింపి పంపడం నేను చూశాను. నాకు ఆ బతుకు వద్దు. కానీ అన్న చెప్పిన మాటను కాదనే తెలివి నాకెక్కడిది?

ఆ తెలివి ఖానాపూర్ బస్సులో దొరికింది. మా వదిన తరపు బంధువు ఒకావిడ నా పక్కన కూర్చుని, ఎంతో సంతోషంగా పలకరించింది. "మీ జీపు మీ వదిన తమ్మునికి ఇస్తున్నరట గద. గిదే రూట్ల తిప్పుతడట. మంచిగ బతుకుతడు పోరడు." గోదావరి వంతెన దాటుతున్నంతసేపు నాకు ఒకటే ఆలోచన. పనికిరాని ఇంజన్ ఆ పిల్లవాడి చేతికి రాగానే ఎట్లా నడుస్తుంది?

మరునాడు పొద్దున, ఇంకా మా వాకిట్లోనే ఉన్న జీపుకు మా ఆయన చేత బానెట్ ఎత్తించాను. నూనె చూసే పుల్లను బయటికి లాగిస్తే నూనె నల్లగా, శుభ్రంగా ఉంది. నీళ్లు కలిస్తే చాయ్ రంగుకు తిరగాలని మా ఆయనే చెప్పాడు, అంతవరకు అన్న మాట మీద నమ్మకంతో ఆ పుల్ల తీసి చూడలేదట. హెడ్డు పగిలితే వచ్చే తెల్లపొగ కూడా బండికి ఎన్నడూ లేదు. అప్పుడు నేను ఇంజన్ చుట్టూ వెతికాను. పొగ గొట్టం వెనుక, చెయ్యి పట్టని సందులో, ఇంజన్ గోడకు రూపాయి బిళ్ళ కన్నా కొంచెం పెద్ద రేకు మూత ఒకటి ఉంది. దాని మీద గ్రీజు దట్టంగా పూసి ఉంది, కొత్త గ్రీజు. కిరోసిన్ గుడ్డతో తుడిస్తే కింద తెల్లని ఉప్పుపొర కనిపించింది, బోరు నీళ్లు కాచే గిన్నెకు పట్టేలాంటిది. పొర మధ్యలో సూది మొనంత రంధ్రం. అక్కడ ఊరే నీరు వేడి ఇంజన్ మీదనే ఆవిరై పోతున్నది, అందుకే నేల తడవలేదు.

కారే చోటు మా అన్న కనిపెట్టాడు. కనిపెట్టి, కప్పిపెట్టాడు.

ఎక్కడన్న మూత మార్పించుకుందాం, ఇంటి మాట బజార్ల పడొద్దు అన్నాడు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. అంగడి రోజు వచ్చేదాకా ఆగాను. అడ్డా నిండా డ్రైవర్లు ఉన్న సమయంలో జీపును మా అన్న షెడ్డు ముందు ఆపించి, బానెట్ ఎత్తించి, ఇంజన్ పక్కగోడను పొడిగా తుడిచి, కొంగులో తెచ్చిన ముగ్గుపిండిని దాని మీద చల్లాను. జనం మూగారు. మా అన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏందే గిది? నీకు ఇంజన్ల సంగతి ఏం తెలుసు?"

"ఇంజన్ తెల్వదన్నా. కారే బిందె తెలుసు."

ఇంజన్ స్టార్ట్ చేయించి వేడెక్కనిచ్చాం. తెల్లని పిండి మీద, సరిగ్గా ఆ మూత దగ్గర, తడి చార ఒకటి మెల్లగా కిందికి దిగింది. అందరూ చూశారు.

"పగిలిన హెడ్డు పైన గద ఉండేది. మరి నీళ్లు గీ పక్కకెల్లి ఎందుకొస్తున్నయి? దీని మీద గ్రీజు ఎవరు పూసిన్రు?"

"లోపటికి రా చెల్లె, ఇంట్ల మాట్లాడుకుందాం."

"ఇంట్ల చెప్పేటోనివైతే అప్పుడే చెప్తుంటివి. ఈడనే చెప్పు."

రోడ్డు అవతల షెడ్డు పెట్టుకున్న మేస్త్రీని నేనే పిలిపించి, మా అన్న కళ్ల ముందు, మా అన్న వాకిట్లోనే ఆ మూత మార్పించాను.

అంతటితో నా కడుపుమంట చల్లారలేదు. ఆ తరువాత మా జీపు ఆ దారిన పోయిన ప్రతిసారీ, నేనుంటే, షెడ్డు ముందు ఆపించేదాన్ని. దిగి, రేడియేటర్ మూత తీసి, నీళ్లు నిండుగా ఉన్నాయని చూసి, మళ్లీ ఎక్కేదాన్ని. ఎందుకు ఆపినవమ్మా అని ఎవరైనా అడిగితే మొదటి నుంచి చెప్పేదాన్ని. కొండగట్టు దారంతా చెప్పుకోవడానికి ఆ కథ సరిపోయేది. మమ్మల్నిద్దరినీ కన్న మా అవ్వ ఒకసారి ఇంటికొచ్చి నా గడ్డం పట్టుకుని, ఇగ చాలు బిడ్డా, వాడు నా కొడుకేనాయె అని ఏడ్చింది. అవ్వకు అన్నం పెట్టి, మంచి చీర కట్టించి పంపాను గాని, జీపు ఆపడం మాత్రం మానలేదు.

క్రమంగా ఆ షెడ్డుకు బండ్లు తగ్గాయి. ఒకనాడు తాళం పడింది. మా ఆయన కోసం మాట్లాడిన ఏజెంట్ ద్వారానే మా అన్న మస్కట్ వెళ్లాడు. ఆ కబురు తెలిసిన రోజు నేను గారెలు చేశాను. మా ఆయన తినలేదు, నేను తిన్నాను.

తల నెరిసి తిరిగొచ్చాక మా అన్న, బంధువుల పెళ్లిలో పందిరి కింద నా పక్క కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. "ఇంకా యాదున్నదా చెల్లె?" అని అడిగాడు. "ఉన్నది" అన్నాను. మొన్నటి వానాకాలంలో పోయాడు. వెళ్లి చూసి వచ్చాను. ఏడుపు రాలేదు, వచ్చే దారిలో ఎందుకో దాహం మాత్రం బాగా అయింది.

ఇప్పుడు ఆ అడ్డా లేదు, ఆ జీపులు లేవు, షెడ్డున్న చోట ఫోన్ల దుకాణం పెట్టారు. ఆ తడి చారను నాతోపాటు చూసిన డ్రైవర్లలో ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఈనాటి పిల్లలకు మోసం జరగదని కాదు, చేసినవాడు ఏ ఊళ్లో ఏ ఫోన్ వెనుక ఉంటాడో వాళ్లకు తెలియదు. ఎవరి వాకిట్లో నిలబడి అడగాలో తెలియక, కొంచెం సేపు బాధపడి మరిచిపోతారు. మా కాలంలో మమ్మల్ని ముంచినవాడి ఇల్లు మాకు తెలిసేది, వాడి అమ్మ మా అమ్మే అయ్యేది, ముప్పొద్దులా ముఖాముఖి ఎదురుపడేవాళ్లం. అంత దగ్గరివాళ్ల మీద పెంచుకున్న కోపం ఇల్లు నిండా ఉండేది. మా అన్న పోయాక ఇల్లు కొంచెం ఖాళీ అయినట్టుంది.