గోడ మీద టీ

మా బాబాయి ఎవరింటికి వెళ్ళినా వంటింటి గోడ మీద టీ పోసి చూస్తాడు. పోశాక జేబులోంచి తడిగుడ్డ తీసి తుడుస్తాడు. మరక పోతే "బాగుంది" అంటాడు. మరకతోపాటు రంగు కూడా ఊడివస్తే "ఇది గోడా, మొహానికి రాసుకునే పౌడరా?" అని ఇంటివాళ్ళనే చీవాట్లు పెడతాడు. ఆ ఇంటివాళ్ళు మళ్ళీ మమ్మల్ని పిలవరు.

అందుకే చుట్టాలంతా ఆయనకి తడిగుడ్డ బాబాయి అని పేరు పెట్టారు. నేను బీమా కంపెనీలో పనిచేస్తాను కాబట్టి తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్ళను రోజూ చూస్తూనే ఉంటాను. తడిగుడ్డతో గోడలు మాత్రమే తుడిచే మనిషి నాకు తెలిసి ఈయనొక్కడే. నేను ఆయన అన్న కూతుర్ని. వాళ్ళింటి మేడ మీదే అద్దెకు ఉంటాను. మా వంటిల్లు వాళ్ళ వంటింటికి సరిగ్గా పైన ఉంది. అందువల్ల కింద గిన్నె పడినా, మాట పడినా నాకు వినిపిస్తుంది.

పుట్టుకతో వచ్చిన పిచ్చి కాదిది. పోస్టాఫీసులో ముద్రలు కొట్టినంతకాలం సొంత ఇంటి గోడలు ఏ రంగులో ఉన్నాయో కూడా చెప్పలేకపోయేవాడు. రిటైరయిన ఏడాదే ఆ ఇంటికి రెండు శనులు కలిసి పట్టాయి. పిన్నికి చేతుల వణుకు వచ్చింది. బాబాయికి గోడల పిచ్చి వచ్చింది. పిన్నిది తగ్గే జబ్బు కాదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. బాబాయిది కూడా అంతేనని మేమే తేల్చుకున్నాం.

వణుకు మొదట చొక్కా గుండీల దగ్గర మొదలైంది. తర్వాత సూదిలో దారం ఎక్కడం మానేసింది. ఆ తర్వాత చేతిలో చెంచా కప్పుకేసి టకటకా కొట్టుకునేది. ఆ చప్పుడు మేడ మీదికి వినిపిస్తుంటే నాకు అన్నం సయించేది కాదు. చివరికి పొయ్యి మీది పాలు గోడకి ఎగరడం మొదలైంది.

వాళ్ళకి ఒక్కతే కూతురు, నాకు చెల్లెలు. ఊరి పెద్దాసుపత్రిలో, కాలిన రోగుల వార్డులో నర్సు. ఒకనాడు వచ్చి వంటింటి గోడ మీద పాల చారలు, తల్లి మణికట్టు మీద బొబ్బ చూసింది. మొహం పాలిపోయింది.

"అమ్మా, మా వార్డులో సగం మంది వంట చేస్తూ చేస్తూ వచ్చినవాళ్ళే. వాళ్ళ అరుపులు నువ్వు వినలేదు, నేను వింటున్నాను. గోడ మీద ఇంకోసారి మరక కనపడిందా, పొయ్యి పీకి తీసుకెళ్ళిపోతా. ఇద్దరూ క్యారియర్ తెప్పించుకుని తినండి."

సాయంత్రం పిన్ని మెట్లెక్కి నా దగ్గరికి వచ్చింది.

"అది చెప్పింది తప్పేం కాదే. కానీ వంటింట్లోంచి కూడా గెంటేస్తే ఇంక నేనేం చెయ్యాలి? ఒక మూల కూర్చుని వణకడమేగా?"

పిల్ల మాటా నిజమే, తల్లి మాటా నిజమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే కదా అనుకున్నాను.

ఆ గొడవ జరిగిన వారంలోనే బాబాయి రంగుల కొట్టుకి బయల్దేరాడు. దారిలో పరువు పోకుండా చూడమని పిన్ని నన్ను తోడు పంపింది. పరువు కొట్టు గుమ్మంలోనే పోయింది.

"ఏ గదికండీ?" అన్నాడు కొట్టతను.

"వంటింటికి. కడిగితే చెక్కు చెదరకూడదు."

"మెరుపు లేనిది తీసుకోండి. గోడలో ఎత్తుపల్లాలు కనపడవు."

"మరి మరక పడితే?"

"అది కాస్త పీల్చుకుంటుందండీ."

"పీల్చుకోవడానికి మా చుట్టాలున్నారు. ఇంకోటి చెప్పు."

"బాగా మెరిసేది ఉంది. ఎన్నిసార్లయినా కడగొచ్చు. కాకపోతే ప్రతి సొట్టా కనపడుతుంది."

"నా మొహంలో సొట్టలు కనపడటం లేదూ? చూసి ఎవరైనా పోయారా?"

కొట్టతను నా వంక జాలిగా చూసి, రెండింటికీ మధ్యరకం ఒకటుందని, సబ్బునీళ్ళకి తట్టుకుంటుందని, వంటిళ్ళకి జనం అదే తీసుకెళ్తారని చెప్పాడు. జనం మాట మీద బాబాయికి ఎప్పుడూ నమ్మకం లేదు. అన్ని రకాలూ చిన్న చిన్న డబ్బాల్లో కొనుక్కొచ్చి పొయ్యి వెనక గోడంతా ముక్కలు ముక్కలుగా పూశాడు. గోడ పాతగుడ్డల బొంతలా తయారైంది. ఒక ముక్క మీద టీ, ఒక ముక్క మీద నూనె, ఇంకో ముక్క మీద కూర. రోజూ తుడవడం, రోజూ మళ్ళీ పొయ్యడం.

దాంతో పిన్నికి పొయ్యి దగ్గర ఊపిరాడకుండా పోయింది. ఆవిడ అగ్గిపెట్టె అందుకోబోతే కింద నుంచి బాబాయి కేక వినిపించేది.

"ఆగు! మంట నేను పెడతా. వేడికి రంగు ఉబ్బుతుందేమో చూడాలి."

పాలు పొంగే వేళకి మళ్ళీ కేక.

"గిన్నె ముట్టుకోకు! నేను దించుతా. ఆ పచ్చ ముక్క మీద కాస్త చిందించాలి."

"ఏవండీ, పక్కకి తప్పుకుంటారా? మీరు నన్ను కాదు, ఆ గోడని చేసుకోవాల్సింది."

"గోడైతే ఎదురుమాట్లాడదు."

ఈ పిచ్చి ఇల్లు దాటి వీధిన పడింది. ఎక్కడికెళ్ళినా పిన్ని వెంట ఆయన, ఆయన జేబులో తడిగుడ్డ. పక్కవీధి టైలరు పోయినప్పుడు పలకరించడానికి వెళ్ళాం. ముందు గదిలో టైలరు భార్య కుట్టుమిషను మీద తలపెట్టి ఏడుస్తోంది. సగం కుట్టిన చొక్కా ఒకటి ఇంకా సూది కిందే ఉంది. ఎవరో ఆడవాళ్ళు పిన్నిని లోపలికి తీసుకెళ్ళి చేతికి టీ ఇచ్చారు. కాసేపటికి వంటింట్లో ఏదో చప్పుడైంది. నేను పరుగెత్తి చూద్దును కదా, గోడ మీద ఇంత పెద్ద టీ మరక. దాని ముందు ఖాళీ కప్పుతో బాబాయి.

"నేనే, నేనే పోశాను. డిస్టెంపరా, మంచి రంగా అని చూశా. డిస్టెంపరే, ఊడొస్తోంది."

టైలరు భార్య ఏడుపు ఆపి గుమ్మంలోకి వచ్చి నోరు తెరిచి చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

బయటికొచ్చాక గట్టిగానే అడిగాను. "చావింట్లో కూడానా బాబాయ్?"

"పోయినవాడికి గోడతో పనేముంది? ఉన్నవాళ్ళే కదా కడుక్కోవాల్సింది" అన్నాడు.

పిన్ని దారి పొడుగునా చేతులు శాలువాలో చుట్టుకునే నడిచింది. శాలువా అంచు తడిగా ఉంది. పాపం, టైలరు కోసం ఏడ్చి కళ్ళు తుడుచుకుందనుకున్నాను.

చలికాలం వచ్చేసరికి వణుకు భుజాలదాకా పాకింది. మందు మార్చారు, లాభం లేదు. ఇక పెరగడమే తప్ప తగ్గడం ఉండదన్నారు. అదే వారంలో బాబాయి రంగు తేల్చేశాడు. ఇంత పరీక్షా చేసి, చివరికి కొట్టతను మొదటిరోజు చెప్పిన మధ్యరకమే! వంటిల్లంతా లేత గోధుమరంగు వేయించాడు. రంగు గట్టిపడేదాకా కొన్ని వారాలు రుద్ది కడగొద్దని పెయింటరు చెప్పి వెళ్ళాడు.

సెలవురోజు పొద్దున్నే చెల్లెలు వచ్చింది. మందు పనిచేయలేదని తనకీ తెలుసు. కుర్చీలో కూర్చోకుండానే సంచిలోంచి స్పానర్ తీసి పొయ్యి పక్కన పెట్టింది. ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

"టీ తాగి తియ్యవే" అంది పిన్ని. బాబాయి టీ కప్పుల్లో పోశాడు. కూతురికి తనే ఇవ్వాలని పిన్ని ఒక కప్పు అందుకుంది. రెండు అడుగులు బాగానే వేసింది. మూడో అడుగులో చెయ్యి ఎగిరిపడింది. కప్పు వెళ్ళి కొత్త గోడకి తగిలింది.

గోడ మీంచి టీ ధారలు కట్టింది. చెల్లెలు కళ్ళు మూసుకుంది. ఆ కళ్ళు తెరిచేలోపు బాబాయి తన కప్పులోది కూడా అదే గోడ మీద పోసేశాడు.

"చూశావా, ఎలా జారిపోతుందో! నేనే పోశా. రెండూ నావే."

"రెండు కప్పులు ఎలా తాగుతావు నాన్నా?"

"అబద్ధం కూడా సరిగ్గా చెప్పలేరు" అంది పిన్ని. ఆవిడ గొంతులో కోపం లేదు.

నాకప్పుడు బుర్ర వెలిగింది. టైలరింట్లో, చుట్టాలిళ్ళల్లో, ఈ గోడ మీద, అన్నిచోట్లా మరక ముందు పిన్నిది. ఆయన వచ్చి దాని మీద తన కప్పు ఒలికించి తిట్లు తనమీద వేసుకున్నాడు. ఇంతమందిమి నవ్వాం, ఒక్కరికీ అనుమానం రాలేదు.

చెల్లెలు తల్లి చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. అవి వణుకుతున్నాయి కానీ పాత బొబ్బ మచ్చ తప్ప కొత్తగా కాలిన గుర్తు ఒక్కటీ లేదు. తర్వాత తండ్రి చేతులు లాక్కుంది. వేళ్ళ చివర్లన్నీ కాలి, మాని, మళ్ళీ కాలి ఉన్నాయి. కాలిన గాయం చూసి జరిగింది చెప్పడం దాని ఉద్యోగం.

"పొయ్యి నువ్వే వెలిగిస్తున్నావా?"

"రంగు ఉబ్బుతుందేమోనని..."

"గిన్నెలు నువ్వే దించుతున్నావా?"

"మరి గోడ కనిపెట్టుకుని ఉండాలి కదమ్మా. గట్టిపడేదాకా ఇక్కడే నుంచోవాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది గట్టిపడటానికి?"

బాబాయి గోడ వంక చూశాడు, పిన్ని వంక చూశాడు.

"ఇది మంచి రకం, లేటవుతుంది. మీ అమ్మ వండినన్నాళ్ళూ పడుతుంది."

చెల్లెలు ఆయన చేతులు వదిలి, ముక్కు తుడుచుకుని, స్పానర్ తీసి సంచిలో పడేసుకుంది.

"అయితే ఇంకో కోటు కూడా వేయించు నాన్నా" అంది.