ధాన్యం కొట్టు సంపాదకుడు

మూడేళ్ల కిందట నగరంలో వెలువడిన ఉత్తరాంధ్ర కవితల సంకలనంలో సగం కవితలు భీమశంకరరావు గారు వెతికి పట్టినవే. ఆయన పేరు గానీ, ఆయన నడిపిన చిన్న పత్రిక పేరు గానీ అందులో ఎక్కడా లేవు. "పోన్లే బాబూ, కవితలు బయటికొచ్చీసినాయి, సాలు" అని ఊరుకున్నారు.

రాజాంలో ఆయనది ధాన్యం కొట్టు. పత్రికకి ఏ కవిత వచ్చినా ముందు అక్కడే, తూకం కోసం గోనెల మీద కూర్చున్న రైతులకి చదివి వినిపించేవారు. ఎవరైనా "మల్లీ సదవండి సావుకారూ" అంటేనే అచ్చుకి వెళ్లేది. పల్లె అందాల మీద నేను రాసింది చదివితే ఎల్లాజీ అనే రైతు, "ఈ కవిగోరు ఎప్పుడైనా మడిలో ఉడుపులకి దిగినాడేటి?" అన్నాడట. నా కవిత తిరుగు టపాలో వచ్చేసింది. తర్వాత నేనూ వెళ్లి ఆ గోనెల మీద కూర్చుని విన్నాను. కొత్త వడ్ల వాసన తగిలితే చాలు, ఆ దుమ్ములో తుమ్ముతూ చదివే ఆయన గొంతు నాకిప్పటికీ వినిపిస్తుంది.

చీపురుపల్లి దగ్గర మెట్ట ఊరి కన్యాకుమారి ఓసారి నువ్వులు అమ్మడానికొచ్చి, చదువుతున్నది విని, "ఇలాటివి నానూ సెప్తాను" అంది. ఆమెకి రాత రాదు. కలుపు తీసే చేతులు తనతో గొడవపడ్డట్టు చెప్పిన ఆమె కవితని ఆయన రాసుకుని, ఆమె పేరుతోనే వేశారు. సంకలనం వాళ్లడిగితే ఆమె గొంతునే రికార్డు చేసి, పేరు రాసి మరీ పంపారు. కూలి మనిషి గొంతు కదా! వాళ్లు కవిత కింద "జానపదం" అని వేసి చేతులు దులుపుకున్నారు.

పుస్తకం వచ్చిందని తెలిసి ఆమె కొట్టుకొచ్చింది. తన పేరెక్కడుందో చూపించమంది. ఆయన తటపటాయించి, "ఎవరు కట్టారో తెలియని పాట" అన్నట్టు వాళ్లు వేశారని చెప్పారు.

"తెలీకపోడమేటి సావుకారూ? నాను బతికే ఉన్నాను గదా" అందామె.

తన పేరు పోతే ఊరుకున్న మనిషి ఇక ఊరుకోలేదు. ఫోన్లు చేశారు, ఉత్తరాలు రాశారు. సంకలనం వాళ్లు మలి ముద్రణలో చూద్దామన్నారు. అదీ వచ్చింది, అలాగే వచ్చింది. అప్పుడాయన పెన్ను జేబులో పెట్టుకుని గ్రంథాలయాల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. పుస్తకాల మీద రాతలేమిటని కసిరిన ఒక గ్రంథాలయాధికారి, సంగతి విని తన కుర్చీ ఆయనకి వేసింది.

నిరుడు వానాకాలంలో ఆయన పోయారు. ఇంకా చాలా ప్రతులు మిగిలిపోయాయి. మీ ఇంట్లో ఆ సంకలనం ఉంటే ఇప్పుడే తీయండి. కలుపు కవిత కింద ఆ "జానపదం" కొట్టేసి, కన్యాకుమారి అని రాయండి.