మూడో స్తంభం దగ్గర దొరికిన తుపాకీ

2022 వేసవిలో ఇల్లినాయ్‌లోని ఒక చిన్న ఊరి దగ్గర పాత వంతెన స్తంభాలను నీటి అడుగున తనిఖీ చేసే పని మా బృందానికి వచ్చింది. నేను వంతెనల ఇంజనీర్‌ని. ఈ తనిఖీలో మేం ముఖ్యంగా వెతికేది స్కవర్. వరద ఉధృతికి స్తంభం మొదట్లో మట్టి కోసుకుపోయి గొయ్యి పడటాన్ని అలా అంటారు.

మేం బోటు దించిన రోజు నుంచీ ఒడ్డున మడత కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చునేది. పేరు ఎవలిన్, ఎనభై రెండేళ్లు. రెండో రోజు నన్ను పిలిచి వాళ్లమ్మ సంగతి చెప్పింది. 1930లలో వాళ్లమ్మకు పంతొమ్మిదేళ్లప్పుడు, నది పొంగి ఉండగా, నల్ల కారులో వచ్చిన ఇద్దరు ఈ వంతెన మీద ఆగి మూడో స్తంభం దగ్గర నీళ్లలోకి తుపాకీ విసరడం చూసిందట. వరద తగ్గాక పోలీసులు కొక్కేలు వేసి వెతికినా ఏమీ దొరకలేదు. ఊరంతా నవ్వింది. వాళ్లమ్మ మాత్రం పోయేదాకా ఆ మాట మీదే ఉంది. నేను మర్యాదకి విని, పనిలో పడ్డాను.

నాలుగో రోజు మా డైవర్ కార్లోస్ మూడో స్తంభం దగ్గర దిగాడు. ఆ బురద నీళ్లలో కళ్లు పనికిరావు, అంతా చేత్తో తడిమి చూడటమే. బోటులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నీటి అడుగు నుంచి అతని మాటలు వింటున్నది మా జూనియర్ ఇంజనీర్ స్వప్న, వరంగల్ అమ్మాయి.

"అక్కా, గొయ్యి మస్తు లోతుందంట. అందులో ఏదో దొరికింది. పైపు అంటున్నడు, కానీ దానికి గుండ్రంగ డబ్బా లెక్క ఉందంట."

వల సంచిలో పైకి వచ్చిన ముద్దను చూడగానే అందరం ఆగిపోయాం. తుప్పు దళసరిగా పట్టినా గొట్టమూ, దాని కింద గుండ్రటి తూటాల డబ్బా తెలుస్తూనే ఉన్నాయి. స్వప్న మెల్లగా బోటు అవతలి చివరికి జరిగింది. పని ఆపి షెరీఫ్ ఆఫీస్‌కి ఫోన్ చేశాం.

వచ్చిన ఆఫీసర్ అది ఆ కాలం గ్యాంగ్‌స్టర్లు వాడిన రకమేనని ఒప్పుకున్నాడు. కానీ తర్వాతెప్పుడో ఎవరైనా, ఎక్కడైనా పడేసి ఉండొచ్చని, ఈ చోటును అప్పట్లోనే వెతికారని అన్నాడు. ఎవలిన్ మొహం వాడిపోయింది.

అప్పుడు నాకు తట్టింది. అతనికి కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. వరదలో గొయ్యి పడుతుంది, బరువైన వస్తువు అందులోకి జారుతుంది. వరద తగ్గాక అదే నది ఆ గొయ్యిని ఒండ్రుతో పూడ్చేస్తుంది. కొక్కేలు పైపైన వెళ్లి ఉంటాయి. కార్లోస్‌కి వస్తువు దొరికింది గొయ్యి అట్టడుగున, పాత ఒండ్రులో కూరుకుపోయి. ఈమధ్య వరదలు పైన పూడికను మళ్లీ కోసేయబట్టే అతని చేతికి తగిలింది. అతను బొమ్మను చాలాసేపు చూసి, టోపీ తీసి ఎవలిన్ వైపు తిరిగాడు.

"మీ అమ్మగారు సరిగ్గానే చూశారండీ."

ఆవిడ ఏడుస్తూ నవ్వింది. ఆ తుపాకీ ఎవరిదో తేలలేదు, సీరియల్ నంబర్ తుప్పు తినేసింది. ఆవిడకు దాంతో పనిలేదు. నా రిపోర్టులో స్తంభం నంబర్, లోతు రాసిన పేజీ కాపీ మాత్రం అడిగింది. ఆదివారం చర్చిలో భోజనాలకు మమ్మల్నీ పిలిచి, అందరి ముందూ నిలబడి ఆ పేజీ చదివింది. నేను రాసిన వాటిలో అంత చప్పటి పేజీ ఇంకోటి లేదు. అయినా హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. స్వప్న ఈల వేసింది.

అప్పటి నుంచి నేను బోటు దించే ముందే ఒడ్డున ఉండేవాళ్లతో మాట్లాడుతున్నాను. పోయినేడు ఒక రైతు, నీళ్లు ఎక్కడ సుడి తిరుగుతాయో వేలు పెట్టి చూపించాడు. మా మ్యాపుల్లో ఆ చోట ఏమీ లేదు. దిగి చూస్తే గొయ్యి నా ఎత్తు ఉంది.