పక్కకు పోయిన దెబ్బ

మా ఆర్మరర్ సారు పోయారు. మొన్న పొద్దున నేను భూపాలపల్లిలో డ్యూటీకి బయల్దేరుతుంటే జఫర్‌గఢ్ నుంచి వారి భార్య ఫోన్ చేసింది. రెండు రోజులు జ్వరం, ఆపైన ఆయాసం. జనగామ దవాఖానకు తీసుకుపోయిన పూటే అయిపోయిందట. "మీ సారు లేడు బిడ్డా. నీకు చెప్పకుంటె ఎట్ల?" అంది. నేను ఆ ఇంటికి ఫోన్ చేసి ఏడాదిన్నర దాటింది. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆర్మరర్ అంటే పోలీసు దళంలో తుపాకులు బాగుచేసి, కాపాడే మనిషి. నేను మహబూబాబాద్ పక్క తండా నుంచి వచ్చిన కానిస్టేబుల్‌ని. దూరపు గురి రైఫిల్ పోటీలకు మా దళం నుంచి ఎంపికైనప్పుడు జట్టులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మొదటిరోజు సారు నాకు ఖాళీ రైఫిల్ ఇచ్చి, నేల మీద పడుకుని పట్టుకొమ్మని చెప్పి చాయ్‌కి వెళ్లిపోయారు. తిరిగొచ్చేసరికి ఇంకా అట్లాగే పట్టుకుని ఉన్నాను. "దించలేదు గద, చాలు" అన్నారు. అదే ఆయన మెచ్చుకోలు.

పాత లుంగీ చింపిన గుడ్డ ఎప్పుడూ ఆయన భుజాన ఉండేది. తుపాకీని దాటి నడిచేవారు కాదు, చుట్టూ తిరిగి పోయేవారు. నేను ఇంటికి పోయొచ్చిన సోమవారం మా అమ్మను మా భాషలోనే పేర్కొంటూ "మీ యాడి మంచిగుందా?" అని అడిగేవారు. నా యాసకు నవ్విన వాళ్లున్న చోట ఆ ఒక్క మాట నాకెంత ధైర్యమో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఏడు కొత్త రైఫిల్ వచ్చింది. బరువైనది, తూటా పెద్దది. పేల్చినప్పుడల్లా భుజం మీద గునపంతో పొడిచినట్టు ఉండేది. వారం తిరిగేసరికి చర్మం నల్లబడింది. దెబ్బ పడకముందే కళ్లు మూసుకుపోయేవి, గురి తప్పేది. ఎవరికీ చెప్పలేదు. నేను ఎడమచేత్తో అన్నం తినడం చూసి సారే పట్టుకున్నారు. "ఈ తుపాకికి బ్రేకు కావాలె" అన్నారు.

మజిల్ బ్రేక్ అంటే బ్యారెల్ కొసకు బిగించే చిన్న ఉక్కు గొట్టం. పక్కల రంధ్రాలుంటాయి. తూటా వెంట వచ్చే వాయువు వాటిగుండా పక్కలకు పోతుంది కనుక వెనక్కి తన్నే జోరు తగ్గుతుంది. మా ఆయుధశాలలో నాలుగు ఉన్నాయి. సారు వాటిని గుడ్డ మీద పేర్చి ఒక్కొక్కటే చూశారు. ఒకదాని మరలు రెండు చుట్లు తిరిగి ఆగాయి. బలవంతం చేయకుండా పక్కన పెట్టేశారు. ఇంకోదానికి కింది వైపు కూడా రంధ్రాలున్నాయి. పడుకుని పేలిస్తే దుమ్ము లేచి గురి కనపడదన్నారు. మిగిలిన రెండింటి లోపలి దారిని బ్యారెల్‌లోంచి సన్నని కడ్డీ పంపి చూశారు. తూటా అంచుకు తగిలే వీలు ఎక్కడా ఉండకూడదట.

ఆ రెండూ సరిపోయాయి. ఒకటి చిన్నది, దెబ్బ సగం తగ్గించేది. రెండోది పెద్ద రంధ్రాలది. దాన్ని బిగించి పేలిస్తే భుజాన్ని ఎవరో తట్టినట్టు అనిపించింది, అంతే. కానీ పక్కన నిలబడ్డవాళ్లు చెవులు మూసుకున్నారు. సారు చిన్నదే తీసుకొమ్మన్నారు.

"దెబ్బ మాయం కాదు బిడ్డా. పక్కకు పోతది. బ్రేకు నీ ఒక్కదానికే కాదు, నీ పక్కనోళ్లకు గూడ సరిపోవాలె."

పోటీ నెలన్నరలో ఉంది. ఈ భుజంతో చిన్నది చాలదని మొండికేశాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుని, పెద్దదే బిగించారు.

నా పక్కన ఉండేది ఆయనే. కుడివైపు పడుకుని దూరదర్శినిలోంచి తూటా ఎక్కడ తగిలిందో చెప్పేవారు. ఇద్దరికీ చెవులకు చప్పుడు తగ్గించే కప్పులుండేవి. అయితే నా ఊపిరి వినపడాలని నా వైపు ఎడమ చెవి మీది కప్పు పైకి తోసి, దూది పెట్టుకునేవారు. ఊపిరి బిగబడితే "ఆగు" అనేవారు. అట్లా రోజూ నలభై, యాభై తూటాలు. దూది చాలదని నాకు తెలుసు. కప్పు దించుకొమ్మని ఒకసారి అన్నాను. రెండోసారి అనలేదు. ఆ "ఆగు" నాకు కావాలి మరి.

పోటీ రెండు వారాల్లో ఉందనగా ఒక సాయంత్రం ఆయన ఎడమవైపు నుంచి "సారూ" అని పిలిచాను. తిరగలేదు. మళ్లీ పిలిచాను. తుపాకీ తుడుస్తూనే ఉన్నారు. నాకు విషయం అర్థమైంది. బయటపెడితే ఆయన్ని దవాఖానకు పంపుతారు, నా పక్కన ఇంకెవరో పడుకుంటారు. నేను ఆయన చుట్టూ తిరిగి కుడివైపుకు పోయి మాట్లాడాను. ఏమీ జరగనట్టు మాట్లాడాను. ఈ స్మృతి రాయడానికి కూర్చున్నది నిజానికి ఆ నాలుగడుగుల గురించే.

నాకు పతకం వచ్చింది. పేపర్లో ఫోటో పడింది. మరుసటి ఏడు సారు రిటైరై జఫర్‌గఢ్ వెళ్లిపోయారు. అప్పటికి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది మందగించింది. ఫోన్‌లో ప్రతి మాటా మూడుసార్లు చెప్పాల్సి వచ్చేది. బస్సులో, బారక్‌లో అంత గట్టిగా అరవలేనని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. వారానికోసారి చేసే ఫోన్ నెలకోసారి అయింది. తర్వాత మానేశాను.

జఫర్‌గఢ్ చేరేసరికి దహనం అయిపోయింది. జనం పలచబడ్డాక సారు భార్య దగ్గర, నేను అమ్మా అని పిలిచే ఆమె దగ్గర కూర్చున్నాను. ఆ చెవి నా వల్లే పోయిందని, అప్పుడే తెలిసీ దాచానని చెప్పాను. 

"నాకెరుకే" అంది ఆమె. "చెవి గురించి నిన్ను ఒక్కనాడు అనలే. పిల్ల మంచిగ కొట్టిందనే చెప్పిండు. గని ఫోన్ ఎందుకు చేస్తలేదని మాత్రం అడుగుతుండె. నీ మాట సగం ఇనపడకున్నా, నీ ఫోన్ వచ్చిన నాడు జర ఖుషీగ ఉండేటోడు."



చీకటి పడకముందే బయల్దేరాను. గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే అమ్మ వచ్చి నా మణికట్టు మీద రెండుసార్లు తట్టింది. నేను తలెత్తేదాకా ఆగి, నా ముఖానికి ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదిలిస్తూ, వీధంతా వినపడేలా ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది: "బిడ్డా... పైలంగ... పోయి రా."

నా చెవులు బాగానే ఉన్నాయని ఆమెకు గుర్తు రాలేదు. నేనూ గుర్తు చేయలేదు. అంతే గట్టిగా "పోయొస్తనమ్మా" అన్నాను.