అత్త దాచిన పిడికెడు

మా అత్త పోయిందన్న కబురు నాకు అల్లూరు సంతలో అందింది. మా పల్లె నుంచి సైకిలు మీద వచ్చినతను నా గంప ముందు నిలబడి, "బయల్దేరు వదినా, పెద్దామె ఇంక లేదు" అన్నాడు. గంపలో సగానికి పైగా కవళ్ల చేపలు మిగిలే ఉన్నాయి. పక్కన అమ్ముకునే ఆమెకు గంప అప్పగించి పరుగెత్తాను. దారంతా ఏడుస్తూనే ఉన్నా, ఇంత సరుకు వదిలేసి వచ్చానని తెలిస్తే అత్త లేచి కూర్చుని తిడుతుందనిపించింది.

పిసినారి అని ఆమెకు మా పల్లెలో పేరు. ఆ మాట ఎక్కువగా అన్నది నేనే, దాచడమెందుకు! నయాపైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ ఇంట్లో కాలు పెట్టాను. ఐదో తరగతి చదివిన కోడలిని. ఇంకా అణాల్లోనే బేరమాడే అత్తను చూస్తే నాకు మహా చులకన.

అగ్గిపెట్టెను నగలాగా దాచేది. పొద్దున్నే కొబ్బరి పీచు పట్టుకుని, ఎవరి పొయ్యి ముందుగా రాజుకుంటే వాళ్లింటికి వెళ్లి నిప్పు తెచ్చుకునేది. "నిప్పు ఇస్తే వాళ్లకి తరిగిపోయేదేముంది? రేపు మన పొయ్యి ముందుగా రాజుకుంటే వాళ్లే వస్తారు" అనేది. సరుగుడు తోపులో రాలిన ఆకు ఊడ్చుకొచ్చి వంట చేసేది. ధర పలికే వంజరం పడితే అమ్మకానికి, చవక కవళ్లు ఇంటికి. చేపలు కడిగిన నీళ్లు సొరపాదుకి. ఇక దీపం సంగతి చెప్పనక్కర్లేదు. పొద్దు గూకకముందే అందరికీ అన్నాలు పెట్టేసేది. "కిరసనాయిలు మన నోట్లోకి పోతాదా అమ్మే? ఎలుతురుండగానే తినేస్తే పోలా?" అనేది. నాకు నవ్వొచ్చేది, ఆకలి కాకుండానే తినాల్సి వచ్చినందుకు కోపమూ వచ్చేది.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండించింది ఆ పిడికెడు బియ్యం. పూటపూటకీ ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, ఉట్టి మీద కుండలో వేసేది. "ఈ పూట పిడికెడు తగ్గితే ఎవరికీ తెలవదు. ముసురు పట్టిన నాడు లేకపోతే అందరికీ తెలస్తాది" అనేది. ఆ బియ్యం గుట్టుగా మా ఆడబిడ్డ ఇంటికి చేరుతున్నాయని నా అనుమానం. నాకెవరూ చెప్పలేదు. నేనే అల్లుకున్నాను.

ఒకరోజు అత్త సంతకు వెళ్లినప్పుడు గాజులామె వచ్చింది. బియ్యం పోస్తే గాజులు తొడిగేది. ఉట్టి దించి, కుండలో చెయ్యి పెట్టి, డజను ఎర్రగాజులు తొడిగించుకున్నాను. పుట్టింటివాళ్లు పంపారని అత్తకు చెప్పాను. తర్వాత రిబ్బన్లు, ఆ తర్వాత చేతి అద్దం. కుండ తేలికైపోతుంటే భయం పట్టుకుంది. వాకిట్లో ఇసుక ఎత్తి కుండ అడుగున పోసి, మిగిలిన బియ్యం పైన పరిచాను. సముద్రపు ఒడ్డున ఇసుకకేం కరువు? అత్త మామూలుగానే పిడికెడు వేసి, ఉట్టిని కాస్త ఎత్తి బరువు చూసుకుని సంతోషపడేది. నేను పొయ్యి దగ్గర నవ్వు ఆపుకునేదాన్ని. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ కార్తీకంలో ముసురు పట్టింది. తొమ్మిది రోజులు ఒక్క తెప్ప కూడా కదల్లేదు. ఇంట్లో బియ్యం అయిపోయాయి, ఎండుచేపలూ అయిపోయాయి. పల్లెలో ఎవరి గతి చూసినా అంతే. అత్త మాత్రం ధీమాగా, "ఉట్టి దించమ్మే, దీంతో గట్టెక్కతాం" అంది. నేను గోడవారనే ఉండిపోయాను. ఆమే దించింది. పైనున్న బియ్యం చేటలోకి తీసి, చెయ్యి ఇంకా లోపలికి పోనిచ్చింది. గుప్పెడు ఇసుక బయటికి వచ్చింది. నా చేతి గాజుల వైపు చూసింది. నా ముఖంలోకి మాత్రం చూడలేదు.

"ఏందమా?" అని గుమ్మంలోంచి మా ఆయన అడిగాడు.

"ఎలకలు తినేసినాయి నాయనా" అంటూ చెయ్యి చెంగుకు తుడుచుకుంది.

చేటలోవి రెండు పూటలకు వచ్చాయి. మూడో పూటకు మా ఆయన తెప్ప లాగాడు. "పోబాక నాయనా, అల చూడు ఎట్టుండాదో" అని అత్త వెంటపడింది. "ఇంట్లో కూర్చుంటే కడుపు నిండతాదా?" అని వెళ్లిపోయాడు. పొద్దు వాలేదాకా ఇద్దరం ఒడ్డున నిలబడ్డాం. ప్రాణాలతో వచ్చాడు. కానీ అలకు తెప్ప తిరగబడి, కుడిచేతి రెండు వేళ్లు దాని దుంగల మధ్య నలిగిపోయాయి. మానాయి గానీ వంకరపోయాయి, ముడవడానికి రావు. మునుపటిలా వల లాగలేకపోయాడు. గంప నా నెత్తికీ ఎక్కింది అప్పటినుంచే.

ఆ వేళ్లకు పసుపు కట్టు కట్టి లేచాక అత్త నన్ను పెరట్లోకి పిలిచింది. "వాడికి నేను చెప్పను. చెప్పే రోజు నువ్వే చెప్పు" అంది. అంతే. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఇంట్లోకి మళ్లీ బియ్యం వచ్చిన రోజు చేట నా ముందుకు జరిపి, "ఇకనుంచి పిడికెడు నువ్వే తియ్యి" అంది. నా చేతిని నమ్మింది ఆ మహాతల్లి. ఎనిమిదేళ్లు తీశాను. ఎన్నో ముసుర్లు ఆ కుండతోనే దాటాం. చెప్పాల్సిన మాట మాత్రం ఆమె బతికుండగా చెప్పలేకపోయాను.

పాడె లేపే ముందు అయినవాళ్లం తలా పిడికెడు బియ్యం ఆమె నోటి దగ్గర వేశాం. మా ఆయన వంతు వచ్చింది. పిడికిలి బిగియక, ఆ వేళ్ల సందుల్లోంచి సగం గింజలు వాకిట్లో ఇసుకలో రాలిపోయాయి.

మగవాళ్లు ఆమెను తీసుకెళ్లారు. ఆడవాళ్లు ఇల్లు కడిగే పనిలో పడ్డారు. నేను ఆ గింజల దగ్గరే కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. మా ఆయన స్నానం చేసి తడిబట్టలతో తిరిగొచ్చేసరికి ఇంకా ఏరుతూనే ఉన్నాను.

"ఇసకలో కలిసినాక ఏం దొరకతాయి మే? లెయ్" అన్నాడు.

"కూర్చో. ఇసక సంగతి నీకొకటి చెప్పాల. ఎనిమిదేళ్ల కిందటే చెప్పాల్సింది" అన్నాను.

నా పక్కన కూర్చున్నాడు. ఆ వంకర వేళ్లతో ఇసుక కెలికి, దొరికిన ఒక్క గింజను తెచ్చి నా అరచేతిలో వేశాడు.