గోడ అవతలి లాటిన్ పాట

“నాయనమ్మా, ఉయ్యాల దగ్గర ఆ పాట పాడమాక. అది చచ్చిపోయినవాళ్ల పాట.”

“నోరు కడుక్కో. మీ నాన్ననీ, మీ అక్కనీ, నిన్నూ ఆ పాటతోనే నిద్రపుచ్చా. ఎవరు చచ్చారే?”

“ఫోన్లో మాటమాటకీ అర్థం ఉంది, చూడు. సమాధి దగ్గర పాడేదంట.”

“నీ ఫోను నిన్న పుట్టింది. ఆ పాట అరవై ఏళ్లుగా నా నోట్లో ఉంది.”

మొన్న సాయంత్రం మిరపకాయలకు తొడిమలు తీస్తూ నా చిన్న మనవరాలితో పడ్డ పేచీ ఇది. గుంటూరులో బోటనీ చదువుతోంది. మొక్కల పేర్లు లాటిన్‌లో ఉంటాయని ఆ భాషను ఫోనులోనే నేర్చుకుంటోంది. ఉయ్యాలలో ఉన్నది పెద్ద మనవరాలి మూడు నెలల పాప. పురిటికి వచ్చిన ఆ పిల్ల మా మాటలు విని, పాపను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు గుచ్చుకున్నది అదే.

నా చదువు మూడో తరగతి, అదీ సగం. కన్యాస్త్రీల బడిలో మా గదికీ పెద్ద ఆడపిల్లల గదికీ నడుమ ఒక్కటే మట్టిగోడ. మధ్యాహ్నం అన్నాలయ్యాక అవతల మదర్ గారు గుళ్లో పాడే పాటలు నేర్పేవారు. అప్పట్లో మా గుళ్లో పూజంతా లాటిన్‌లోనే జరిగేదని నా ఈడువారికి గుర్తుండే ఉంటుంది. ముక్క అర్థమయ్యేది కాదు, అర్థం అడగాలన్న ఊహా ఎవరికీ ఉండేది కాదు. తప్పు పాడితే బెత్తం చప్పుడు మా గదిలోకి వినపడేది. నేను ఎక్కాలు వల్లిస్తూనే చెవి గోడకు ఆనించి, కళ్లంలో ఎండుకాయలు తిరగేసినట్టు మెల్లగా సాగే ఒక పాటను మొత్తం పట్టేశాను. అది ఎందుకు పాడతారో గోడ ఇవతల నాకెవరు చెబుతారు?

ఆ ఏడు కాయకోతకు చేతులు చాలక నాన్న నన్ను బడి మాన్పించాడు. పలక తమ్ముడికి పోయింది, పాట నాతో వచ్చింది. మా పల్లెలో ఎవరైనా పోతే ఫాదర్ గారు వచ్చేలోగానే ఊళ్లో ఉండే ఉపదేశి తెలుగులో ప్రార్థన చెప్పి మట్టి వేయించేవాడు. అందుకే ఆ పాట సమాధుల దగ్గర నేనెన్నడూ వినలేదు. తరవాత పూజ తెలుగులోకి మారింది, లాటిన్ మాట వినేవాడే లేకపోయాడు. చిరిగిన గోనెసంచి కూడా పారెయ్యని దాన్ని, ఉన్న ఒక్క పాటను పారేస్తానా? ఉయ్యాలకు వాడుకున్నాను.

పేచీ అయ్యాక ఇద్దరం మళ్లీ తొడిమలు తీయడంలో పడ్డాం. చివరికి నేనే, ఇంతకీ ఏమంటుందే ఆ పాట, అని అడిగాను. అది ఫోను నా ఒడిలో పెట్టి ఒక్కో మాట మీద వేలు ఆనించింది. ఆ ఫోనులో ఉన్నది ఏ దేశపు పంతులో గానీ, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెబుతున్నాడు.

“అలిసిపోయావు, ఇంక పడుకో, తెల్లారేదాకా దేవదూతలు నీకు తోడుంటారు. అంతే నాయనమ్మా.”

గోడకు చెవి ఆనించే పని లేకుండా, బెత్తం చప్పుడు వినకుండా, మిరపకాయల ముందు కూర్చునే ఈ పిల్ల అర్థం దాకా వెళ్లివచ్చింది. ఆ రోజుల్లో గోడ అవతల నన్నొక్క ఏడు కూర్చోనిచ్చి ఉంటే నేనూ వెళ్లేదాన్నేమో.

మర్నాడు పొద్దున పాప ఏడుస్తుంటే నేను ఉయ్యాల వైపు వెళ్లలేదు. రాత్రి చెల్లెలు పాట అర్థం చెప్పిందో ఏమో, పెద్ద మనవరాలే పాపను తెచ్చి పడుకోబెట్టి, తాడు నా చేతిలో పెట్టింది.

“నువ్వే పాడు నాయనమ్మా. నేను పాడితే పడుకోవట్లా.”

పాడాను. రెండోసారి అందుకునేసరికి చిన్న మనవరాలు కూడా గొంతు కలిపింది. పాప నిద్రపోయింది. మేమిద్దరం మిగిలిన కాయలకు తొడిమలు తీశాం.